వైద్యశాలకు పోవునప్పుడు

గత వానకాలములో మా పాఠశాలయందు తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుడు వారము దినములు బడికి రాలేదు. వచ్చిన పిమ్మట కారణ మడుగగా, "అవ్వకు జ్వరమండీ, మూడు మార్లు ఆసుపత్రికి పిలుచుకొని పోతిని" అనెను. ఒక జ్వరమునకు మూడు మార్లేల పోవలసి వచ్చినదని మేము విచారించితిమి. వాడు చెప్పిన సంగతి విన్న తరువాత దీనిని గూర్చి మన పత్రికలో వ్రాయవలెనని మాకు తోచినది.

మొదటి దినమున అవ్వ వైద్యురాలి గదిలోనికి ఒంటరిగా పోయినది. పిల్లవాడు మందులిచ్చు కిటికీ దగ్గర వరుసలో నిలిచియుండెను. "ఏమి చేయుచున్నది?" అని వైద్యురాలు తమిళములో నడిగినది. "చలి, జొరం సామీ, నాలుగు దినాలాయె" అని అవ్వ బదులు చెప్పినది. ఆ వైద్యురాలు దక్షిణపు జిల్లానుండి వచ్చిన చిన్నవయసు ఆమె, తెలుగెరుగదు. తమిళములో "చళి" యనగా పడిశము, కఫము. మన తెలుగులో "చలి" యనగా వణకు పుట్టించు శీతము. "ఇరుమల్ ఉన్నదా?" అని యామె మరల నడిగినది. ఇరుమలనగా దగ్గని అవ్వకు తెలియును. డెబ్బది యేండ్లు దాటినవారికి దగ్గు లేకుండునా? అవ్వ తల యూపినది. పడిశమునకును, జ్వరమునకును మాత్ర లిచ్చిరి. మాత్ర వేసికొన్న రెండు గంటలు జ్వరము తగ్గుట, మరల వచ్చుట. రెండవ మారు పోయినను అదే మాట, అదే మందు.

మూడవ మారు అక్కడనున్న యొక నర్సు, ఇంట తెలుగు మాటలాడునామె, "అవ్వా, వణికే చలా, ముక్కు కారే పడిశమా?" అని యడిగినది. "వణుకే తల్లీ, రెండు కంబళ్ళు కప్పినా ఆగదు" అని అవ్వ యన్నది. వెంటనే మూత్రపరీక్ష చేసిరి. మూత్రములో చీము కనబడెను. మూత్రనాళములలో పుట్టిన రోగము వలన వచ్చిన చలిజ్వరమది. తగిన మందు పడిన కొలది దినములలోనే అవ్వ కోలుకొన్నది. ఆమెకు చక్కెరవ్యాధి కూడ కలదు. అట్టివారిలో ఈ రోగమును మరికొన్ని దినములు తెలిసికొనక విడిచిన, అది మూత్రపిండములకు ప్రాకి, నెత్తురులో కలసి, ప్రాణమునకే ముప్పు తెచ్చును.

ఇందులో తప్పెవరిది? అవ్వ నిజమే చెప్పినది. వైద్యురాలు తాను విన్నదానికి తగినట్లే మందిచ్చినది. ఒక లకారము ళకారముగా వినబడినది, అంతియే. మన హోసూరు, డెంకణికోట, తళ్ళి, శూలగిరి ప్రాంతములలో తెలుగిండ్లు తరతరాలుగా నున్నవి. పిల్లలు బడిలో తమిళము నేర్చుచున్నారు. పెద్దలకు సంతలోని తమిళము వచ్చును. కాని సంతలో రాగులు కొనుటకు చాలిన భాష, ఒంటిలోని బాధ చెప్పుటకు చాలదు. ఆ కొరత తీర్చగలవారు ఇంటిలోని విద్యార్థులే. కావున వైద్యశాలకు పోవు విధమును, అక్కడ మాటలాడు విధమును ఈ పాఠములో చెప్పుచున్నాము.

మన పల్లెలలో ప్రభుత్వ వైద్యశాల యనగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. దాని పలకమీద తమిళమున "ఆరంబ సుకాదార నిలైయం" అని యుండును. ఈ కేంద్రము లెట్లు పుట్టినవో కొంచెము తెలిసికొనుట మంచిది. 1943లో ఆంగ్లప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన నొక సంఘమును నియమించెను. అది 1946లో నివేదిక నిచ్చెను. డబ్బియ్యలేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము లేకుండరాదనుట అందలి ముఖ్యసూత్రము. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1952 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమాజాభివృద్ధి ప్రణాళికతో పాటు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు వెలయసాగినవి. మైదానములో 30,000 మందికి, కొండప్రాంతములో 20,000 మందికి ఒక్కొక్క కేంద్రముండవలెనని నియమము. దానికి లోబడి 5,000 మందికి, కొండలలో 3,000 మందికి ఒక ఉపకేంద్రము. ఉపకేంద్రమున నుండునామె గ్రామ ఆరోగ్య నర్సు. గర్భిణులను, పసిపిల్లలను ఇల్లిల్లు తిరిగి చూచునది ఆమెయే. వైద్యుని కంటె ముందు ఆమెను ఎరిగియుండుట ప్రతి ఇంటికిని మేలు.

ప్రభుత్వ కేంద్రములో వైద్యునికి రుసుము లేదు. మందులకు వెల లేదు. తమిళనాడులో ప్రభుత్వ వైద్యశాలలకు మందులు కొని పంపుటకై 1994లో ప్రత్యేకముగా నొక సంస్థ నేర్పరచిరి. జిల్లాలలో గల దాని గిడ్డంగులనుండియే మందులు మన కేంద్రములకు వచ్చుచున్నవి. "ఊరక యిచ్చు మందు పనిచేయునా?" అని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఊరక ఇచ్చినను, వెలకిచ్చినను రక్తపోటు మాత్ర రక్తపోటు మాత్రయే. ఇంకొక మాట. సూది వేయనిదే వైద్యము కాదను నమ్మకము మనలో బలముగ నున్నది. సూది వేయని వైద్యుని విడిచి, అప్పు చేసి, ఊరిలో సూది వేయువాని యొద్దకు పోవువారిని మే మెరుగుదుము. అనేక జ్వరములకు మాత్రలే చాలును. అక్కరలేని సూది వలన మేలు లేదు, శుచిగా లేని సూది వలన కీడు గలదు.

ఇక పోవు విధము. ఉదయముననే పోవలెను. రక్తమూత్ర పరీక్షలు ఆవశ్యకమైనచో ఆ దినముననే ముగియును. మొదట చీటీ వ్రాయించుకొనవలెను. "పుఱ నోయాళిగళ్" అని వ్రాసియున్న చోట, చూపించుకొని ఇంటికి పోవు రోగులకు చీటీ యిత్తురు. పుఱ మనగా వెలుపల. "ఉళ్ నోయాళిగళ్" అనగా లోపల పడక నుండువారు. "నోయ్" అను మాట మన "నొప్పి"కి చుట్టమే గనుక గుర్తుండుట కష్టము కాదు. "ఆయ్వగం" పరీక్షలు చేయు గది, "మరుందగం" మందులిచ్చు గది. ఈ నాలుగు మాటలు చదువ నేర్చిన పిల్లవాడు తోడుండిన, అవ్వ గడప గడపకు తిరుగ నక్కరలేదు.

పోవునప్పుడు పాత చీటీలన్నియు నొక సంచిలో వేసికొని పోవలెను. అవి పోయినచో, వాడుచున్న మాత్రల అట్టలనైనను తీసికొని పోవలెను. "తెల్లమాత్ర ఒకటి, ఎర్రమాత్ర ఒకటి" అని చెప్పిన ఏ వైద్యునికిని తెలియదు. నాటుమందు వాడుచున్నచో దానిని దాచరాదు. కోపపడుదురేమో యని దాచుట మన పెద్దల యలవాటు. కొన్ని ఆకుమందులు, భస్మములు లోపలి మందులతో కలసి కీడు చేయును గాన చెప్పియే తీరవలెను.

చీటీ వ్రాయువారు పేరు తమిళములో వ్రాయుదురు. ఇచ్చట నొక చిక్కు కలదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ప, ఫ, బ, భ లకును అంతే. కావున మన భాగ్యమ్మ తమిళములో "పాక్కియమ్మా" యగును. దానిని మరల ఆంగ్లములో వ్రాయువారు పకారముతోనే వ్రాయుదురు. ఆధారు చీటీలో నొక విధముగ, కుటుంబపు చీటీలో నొక విధముగ, ఆసుపత్రిలో ఇంకొక విధముగ పేరుండిన, సామాన్యమైన జ్వరమునకు బాధ లేదు. శస్త్రచికిత్స కావలసి, 2012లో ఆరంభమైన ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్యబీమా వంటి పథకముల క్రింద పెద్ద ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పుడు మాత్రము ఆ భేదమే అడ్డుకట్ట యగును. చీటీ చేతికి రాగానే పేరు సరిచూచి, తప్పున్న అక్కడనే వినయముగా దిద్దించుకొనవలెను. చదువు వచ్చిన పిల్లలకు ఇది నిమిషము పని.

కొన్ని బాధలకు వరుసలో నిలువరాదు. రొమ్ము నొప్పి, ఊపిరాడకుండుట, ముఖము గాని చేయి కాలు గాని ఒక ప్రక్క ఉన్నట్టుండి పడిపోవుట, మాట తడబడుట, పాముకాటు, గర్భిణికి రక్తస్రావము, బిడ్డకు మూర్ఛ, ఇట్టివి వచ్చినపుడు నేరుగా నర్సుతో చెప్పవలెను. దూరమున్న 108కి మాటలాడవలెను. ఈ 108 బండ్లు మొదట 2005లో హైదరాబాదున ఆరంభమై, 2008లో తమిళనాడునకు వచ్చినవి. పిలిచినపుడు ఊరిపేరు మాత్రమే చాలదు, ఏ దారిలో, ఏ గుడి లేక బడి ప్రక్కన అన్నది చెప్పవలెను. పాము కరచినపుడు గాటు పెట్టుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టు బిగించుట, మంత్రగానికై కాచుకొనుట, ఇవన్నియు చేటు. కరచిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, విషహరమగు మందున్న ఆసుపత్రికి చేర్చుటయే తగిన పని. ఆపదలో నున్నవానికి ప్రభుత్వ వైద్యుడైనను, ప్రైవేటు వైద్యుడైనను మొదటి చికిత్స చేసియే తీరవలెనని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. చీటీ లేదు, ఆధారు లేదు అను మాట అట్టి వేళ అడ్డు రాకూడదు.

ఇప్పుడు మాటల సంగతి. మా ఉద్దేశములో ఈ పాఠమునకు ఇదియే ప్రాణము.

"చలి"ని చూచితిమి. వణకు పుట్టు చలిని తమిళములో "కుళిర్" అనవలెను. "కుళిర్ కాయ్చల్" అన్న వెంటనే వైద్యుడు రక్తమును, మూత్రమును పరీక్షింప తలచును. వింత యేమనగా, కన్నడములో "చళి" యనగా శీతమే. కావున ఆనేకల్లుకో బెంగుళూరుకో పోయినపుడు అవ్వ మాట సరిగనే చెల్లును, హోసూరు తిరిగి రాగానే అర్థము మారిపోవును!

దానికంటె ప్రమాదమైనది "ఆయాసము". తెలుగులో ఆయాస మనగా ఊపిరి చాలక రొప్పుట. తమిళములోను, కన్నడములోను ఆయాస మనగా అలసట. "మెట్లెక్కితే ఆయాసం" అని తాత చెప్పిన, విన్నవారు ముసలితనపు బడలిక యనుకొందురు. గుండెజబ్బునకు, ఊపిరితిత్తుల జబ్బునకు మొదటి గుర్తు అక్కడ జారిపోవును. తమిళములో "మూచ్చు తిణఱల్" అనవలెను. కన్నడమువారితో "ఉసిరాడలు కష్ట" అన్న చాలును. ఎంతదూరము నడచిన వచ్చుచున్నది, పడుకొన్న ఎక్కువగునా, రాత్రి లేచి కూర్చొనవలసి వచ్చునా, కాళ్ళు వాచినవా, ఇవియు చెప్పవలెను.

"తిమ్మిరి"ని తమిళముగా మార్చి "తిమిరు" అన్న, విన్నవారు నవ్వుదురు. ఆ మాటకు పొగరు అని వాడుక ఎక్కువ. స్పర్శ తెలియకుండుటకు "మరత్తు పోచ్చు" అనవలెను. చక్కెరవ్యాధి గలవారికి అరికాళ్ళ తిమ్మిరియు, చర్మముమీద స్పర్శ లేని మచ్చయు చిన్న సంగతులు కావు. "వలి" అన్నది తమిళములో నొప్పి. "కడుపు"ను "వయిఱు" అందురు. వైద్యుడు "వెఱుం వయిత్తిల్" మాత్ర వేసికొమ్మన్న, అది మన పరగడుపు. "శాప్పాట్టుక్కు మున్" భోజనమునకు ముందు, "పిన్" అన్న తరువాత. "మూణు వేళై" మూడు పూటలు. ఈ కడపటి మాటలు తారుమారైన, మందు మంచిదైనను ఫలము చెడును.

మన పెద్దలు బాధను చెప్పరు, తాము తేల్చుకొన్న కారణమును చెప్పుదురు. "వేడి చేసింది", "వాయువు పట్టింది", "గ్యాసు" అందురు. రొమ్ము మధ్య బరువుగా నుండి, ఎడమ చేతికి ప్రాకి, చెమటలు పోసిన దానిని గ్యాసని సోడా త్రాగి పడుకొన్నవారు కలరు. అట్టివారిలో తెల్లవారి లేవనివారును కలరు. దుబాసి పని చేయు విద్యార్థి "గ్యాసు" అను మాటను వైద్యునికి మోసికొనిపోరాదు. "ఎక్కడ అవ్వా? ఎప్పటినుండి? ఏమి చేసిన ఎక్కువగును?" అని యడిగి, వచ్చిన బదులును ఉన్నదున్నట్లు చెప్పవలెను. తనకు తోచినది కలుపరాదు, సిగ్గుపడి తగ్గింపరాదు. వైద్యుడు కోపముతో అన్న మాటను కూడ మెత్తబరచి చెప్పవచ్చును గాని, మందు మానరాదన్న మాటను మాత్రము మెత్తబరచరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. స్త్రీలకు సంబంధించిన బాధలకు మగపిల్లలను దుబాసులుగా పంపకుడు. తల్లి చెప్పలేదు, కొడుకు అడుగలేడు. రక్తస్రావము, గర్భమునకు సంబంధించిన నొప్పి, రొమ్ములో గడ్డ ఇట్టివి అట్లే మరుగుపడి ముదిరిపోవును. తెలుగు, తమిళము రెండును వచ్చిన పొరుగు స్త్రీ నొకరిని వెంట పెట్టుకొనిన చాలును. లేదా "తెలుగు తెలిసిన నర్సు ఉన్నారా?" అని యడుగుడు. మన ప్రాంతపు కేంద్రములలో తరచుగా నొకరైనను ఉందురు. అడుగుటలో అవమానము లేదు. తమిళము రాదని చెప్పుకొనుటకు సిగ్గుపడి, అర్థము కాకున్నను తల యూపుటయే అవ్వ పాలిటికి కీడైనది.

జబ్బు చేసినప్పుడే గాక మరి కొన్నింటికిని కేంద్రమునకు పోవలెను. రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో కఫమును పరీక్ష చేయించవలెను. క్షయ యని తేలిన, సామాన్యముగా ఆరు నెలల మందు వెల లేకుండ దొరకును. ఆహారమునకై నెలకు 500 రూపాయల సాయము 2018లో ఆరంభమై, 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడినదని మందు మానినవారికి రోగము మొండిదై తిరిగి వచ్చును.

కుక్క కరచినచో పసుపు, సున్నము, కారము పెట్టరాదు. సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే కేంద్రమునకు పోవలెను. చర్మములో వేయు టీకాను మొదటి దినమున, పిమ్మట 3వ, 7వ, 28వ దినములందు వేయుదురు. గాయము లోతైనచో గాయము చుట్టును వేరొక మందు కూడ వేయుదురు. రెండు సూదులతో సరిపెట్టుకొనువారు ఎందరో. ఆ పిచ్చి యొకసారి బయటపడిన పిదప ఇంచుమించు ఎవ్వరును బ్రతుకరు. కరచినది తమ యింటి కుక్కపిల్లయే యైనను ఇదే నియమము.

రక్తపోటు, చక్కెర గల పెద్దల కొరకు 2021 ఆగస్టులో "మక్కళై తేడి మరుత్తువం" అను పథకము ఆరంభమైనది. ప్రజలను వెదకికొనివచ్చు వైద్యమని దాని యర్థము. అది మొదలైనది మన శూలగిరి దాపునగల సామనపల్లిలోనే యని మన విద్యార్థులలో ఎందరికి తెలియును? నడువలేనివారి యింటికే పోయి మాత్ర లిచ్చుట, రక్తపోటు చూచుట, పడకనున్నవారికి వ్యాయామము చేయించుట దాని పనులు. మీ యింట అట్టి పెద్దలుండిన, వారి పేరు చేర్చినదియు లేనిదియు గ్రామ ఆరోగ్య నర్సును అడిగి తెలిసికొనుడు.

కేంద్రములో తీరని రోగమైనచో హోసూరు ప్రభుత్వాసుపత్రికో, 2022 జనవరిలో ప్రారంభోత్సవము జరిగిన కృష్ణగిరి ప్రభుత్వ వైద్యకళాశాలకో చీటీ వ్రాసి పంపుదురు. ఆ చీటీని పారవేసి, మొదటినుండి కథ చెప్పుకొనువారు కలరు. అందులో జరిగిన పరీక్షలన్నియు నుండును గాన దానిని భద్రముగ కొనిపోవలెను.

పై బాలుడు ఇప్పుడు అవ్వ వెంట పోవునపుడు ఒక చిన్న కాగితము వ్రాసికొని పోవుచున్నాడు. మాకు చూపెను. ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క తమిళము. "వయస్సు 72. చక్కెర 9 ఏండ్లుగా ఉన్నది. ఉదయము ఒకటి, రాత్రి ఒకటి మాత్ర. నాలుగు దినములనుండి అరికాలు మంట. రాత్రి ఎక్కువ. పుండు లేదు. సల్ఫా మాత్ర వేసిన ఒంటిమీద దద్దురులు వచ్చును." అంతియే. ఇట్టి కాగితమును ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు ప్రతివారును తమ యింటి పెద్దలలో నొకరికి వ్రాసి, వచ్చు సోమవారము తరగతికి తేవలెను. తమిళభాగమును తమిళ ఉపాధ్యాయులు దిద్దెదరు. తెలుగుభాగమును మేము చూచెదము. దిద్దిన కాగితమును ఇంట పాత చీటీల సంచిలో నుంచుడు.